సదాపాకు – అవ్వ ఎందుకు వద్దనింది?



ఈసారి రాత పొడుగు. తీరికగా చదవండి. కడదాకా చదవడానికి ఓపిక లేనివాళ్ల కోసం ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. పోయిన నెల మన సంఘం సమావేశంలో నేను పద్నాలుగు ఇళ్లకు సదాప మొక్కలు పంచినాను. ఆ ఆకు, దాని రసం, దాని కషాయం ఏదీ కడుపుతో ఉండేవాళ్లు తీసుకోగూడదు. పసిబిడ్డల నోట్లో పోయగూడదు. మొక్క చేతికిచ్చేటప్పుడే ఈ మాట చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాది.

అసలు జరిగిందేమంటే, పది రోజుల కిందట మొక్క తీసుకుపోయిన ఒక ఇంటి నుంచి వదిన ఫోన్ చేసింది. "అన్నా, కోడలికి ఇప్పుడు ఐదో నెల. తిన్నది అరగడం లేదంటాది. గ్రూపులో వచ్చింది గదా, సదాపాకు కషాయం అజీర్ణానికి మంచిదని. పెడదామనుకుంటే మా ఆశా కార్యకర్త వచ్చి, తెలియని ఆకు ఏదీ వద్దమ్మా అని ఆపేసింది. నువ్విచ్చిన మొక్కే గదా, ఏమయితాది?"

నాకు గుండె ఝల్లుమనింది. ఎందుకంటే ఆ మెసేజి గ్రూపులోకి పంపింది గూడా నేనే. ఎవరో పంపితే, చదివీ చదవకుండా దండం బొమ్మ పెట్టి ముందుకు తోసినాను. ఆ అమ్మాయి ఇప్పుడు బాగుంది, కషాయం తాగలేదు. ఆ ఆశా కార్యకర్తకు మనమంతా రుణపడి ఉండాల.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా అవ్వ గుర్తుకొచ్చింది. ఈ చెట్టు గురించి అవ్వ ఎన్నిటిని వద్దనిందో ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. అప్పటి నుంచి పుస్తకాలు వెతుకుతా ఉన్నాను. దొరికిందంతా మీ ముందర పెడుతున్నాను. నేను డాక్టరును కాను, రైల్వేలో గూడ్సు గుమస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. తెలుగు రాయడం పెద్దయినాక నేర్చుకున్నాను. రాతలో తప్పులుంటే దిద్దండి.

మూడు పేర్లు, ఒక చెట్టు

మన చింతామణి, బాగేపల్లి పక్క తెలుగు మాట్లాడే ఇళ్లల్లో దీన్ని సదాపాకు అంటాం. కన్నడంలో నాగదాళి. మా నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్, కాబట్టి నేను పెరిగింది జోలార్‌పేట క్వార్టర్సులో, చదివింది తమిళ మీడియంలో. ఆడ దీన్ని అరువదా అంటారు. చిన్నప్పుడు నేను ఇవి మూడు వేరే వేరే చెట్లనుకునేవాణ్ణి.

చూడనివాళ్ల కోసం చెప్తాను. మోకాలెత్తు మొక్క. ఆకు చిన్నది, కొసన గుండ్రంగా, నీలం కలిసిన బూడిద పచ్చ రంగులో ఉంటుంది. పసుపు పచ్చ పూలు పూస్తుంది. చెయ్యి తగిలితే చాలు, ఘాటు వాసన గుప్పుమంటుంది. శాస్త్రంలో దీని పేరు రూటా గ్రావియోలెన్స్. రెండో మాటకు అర్థమే ఘాటు వాసన కలది అని. నిమ్మ, నారింజ, కరివేపాకు, మారేడు ఇవన్నీ చేరిన కుటుంబానికి రూటేసీ అని పేరు. ఆ పేరు ఈ మొక్కను బట్టి పెట్టిందే. అంటే మన కరివేపాకుకు ఇది దాయాది.

కానీ పుట్టింది ఈడ కాదు. మధ్యధరా సముద్రం ఒడ్డున, గ్రీసు, బాల్కన్ దేశాల పక్క రాతి గుట్టల్లో పుట్టిన మొక్క. ఆడి నుంచి మన చింతామణి తొట్టిలోకి ఎట్ల వచ్చింది? పేర్లే దారి చూపిస్తాయి.

గ్రీకు వైద్య గ్రంథాలు తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అరబ్బీలోకి మారినాయి. అరబ్బీలో ఈ మొక్క పేరు సదాబ్. ఇబ్న్ సీనా రాసిన వైద్య గ్రంథంలో గూడా ఇది ఉంది. ఆ వైద్యాన్నే మనం యునానీ అంటాం. యునాన్ అంటే గ్రీసే. ఆ వైద్యం పారసీ దేశం మీదుగా ఢిల్లీకి, ఆడి నుంచి దక్కనుకు దిగింది. 1638లో బిజాపూరు సైన్యం బెంగుళూరు పట్టుకున్నది. 1687లో మొగలాయిలు శిరాను ముఖ్య పట్టణం చేసుకున్నారు. ఆ తర్వాత హైదరాలీ, టిప్పూ. ఈ దొరతనాలన్నిటిలో హకీములు ఉన్నారు, దక్కనీ మాట ఉన్నది. ఆ సదాబే మన నోట సదాప అయింది.

తమిళ పేరు ఇంకో దారి. పోర్చుగీసు భాషలో ఈ మొక్క పేరు అర్రూద. గోవా, కొచ్చి, నాగపట్నం రేవుల్లో వాళ్లు దిగినారు గదా. అర్రూద తమిళంలో అరువదా, మలయాళంలో అరూత అయింది. అంటే మా అవ్వ పలికిన పేరు నేల దారిన వచ్చింది, నేను బడిలో విన్న పేరు ఓడలో వచ్చింది. రెండు లైన్లు వచ్చి ఒకే స్టేషన్లో కలిసినట్లు. ముప్పై ఆరేళ్లు రైల్వేలో చేసినా, ఇట్లాంటి జంక్షను మా ఇంటి తొట్టిలోనే ఉందని నాకు ఇప్పుడు తెలిసింది.

పాము, ముంగిస, దిష్టి

నాగదాళి అనే పేరులో నాగు ఉంది. ఈ మొక్క ఇంటి ముందర ఉంటే పాము రాదని మనవాళ్ల నమ్మకం. నర్సరీల్లో గూడా అట్లే చెప్పి అమ్ముతారు. ఇది మన నమ్మకమే అనుకున్నాను. కానీ రెండువేల మూడువందల ఏళ్ల కిందట గ్రీసులో అరిస్టాటిల్ ఇదే రాసినాడు. ముంగిస లాంటి వీజెల్ అనే జంతువు పాముతో కొట్లాడేటప్పుడు ఈ ఆకు తింటుందట, దీని వాసన పాముకు పడదట. మనవాళ్లు గూడా ముంగిస ఏదో ఆకు తిని పాము మీదికి పోతుందని చెప్తారు గదా.

నల్లసముద్రం ఒడ్డున పాంటస్ అనే రాజ్యానికి మిత్రిడేటిస్ అని ఒక రాజు. విషం పెట్టి చంపుతారని ఎప్పుడూ భయపడేవాడు. ఆయన చనిపోయినాక రోము సేనాని పాంపేకు ఆయన చేతిరాతతో ఒక విరుగుడు మందు చీటీ దొరికిందని ప్లినీ రాసినాడు. రెండు ఎండు అక్రోటు కాయలు, రెండు అంజూరాలు, ఇరవై సదాపాకులు, చిటికెడు ఉప్పు కలిపి నూరాల. ప్లినీయే ఇంకోటి రాసినాడు. ఈ మొక్కను దొంగిలించి నాటితే బాగా వస్తుందని జనం అంటారట. మన ఆడవాళ్లు మనీ ప్లాంటు గురించి ఇప్పుడు గూడా ఇదే గదా అనేది!

ఇటలీలో నేపుల్స్ పక్క సదాప రెమ్మ ఆకారంలో వెండి బిళ్ల చేయించి, దిష్టి తగలకుండా పసిబిడ్డకు కడతారు. దాని పేరు చిమరూత, అంటే సదాప కొస. మా అవ్వ ఆకును గుడ్డలో మూట గట్టి ఉయ్యాల తాడుకు కట్టేది. నేపుల్స్ ఎక్కడ, చింతామణి ఎక్కడ!

ఈడ ఒక మాట గట్టిగా చెప్పాల. సదాప మొక్క ఉంటే పాము రాదనేదానికి రుజువు లేదు. కరిస్తే దీని ఆకు విరుగుడు కాదు. మనది చెనక్కాయ చేండ్ల సీమ. రాత్రిపూట నీళ్లు కట్టను పోయేవాళ్లకు పాము గండం ఎప్పుడూ ఉంది. పాముకాటు కేసులన్నీ తప్పకుండా ప్రభుత్వానికి తెలపాలని 2024లో కర్ణాటక ప్రభుత్వం ఆదేశమిచ్చింది. నాగదాళి నూరి పట్టు వేసుకుని కూచుంటే పోయేది ప్రాణం. నేరుగా పెద్ద ఆస్పత్రికి పోవాల, అంతే.

అవ్వ చెప్పిన మూడు వద్దులు

మా అవ్వ చింతామణి పక్క పల్లె మనిషి. మా తమ్ముడు పుట్టినప్పుడు కాన్పు చూడను జోలార్‌పేటకు వచ్చింది. చింతామణిలో చిన్న రైలెక్కి, కోలారు మీద బంగారుపేటలో దిగి, పెద్ద రైలు మారి వచ్చింది. ఇప్పటివాళ్లకు తెలియదు, 2013లో పెద్ద లైను పడేదానికి ముందు మన పక్క పోయేది బొమ్మ మాదిరి చిన్న బండి. అవ్వ ఒక చేతిలో గుడ్డల మూట, ఇంకో చేతిలో పగిలిన కుండలో సదాప మొక్క పట్టుకుని దిగింది. మొక్కను క్వార్టర్సు వెనక పెట్టి, మూడు షరతులు చెప్పింది.

మొదటిది, కడుపుతో ఉండేవాళ్లు ఆ మొక్క ముట్టుకోగూడదు, దగ్గరికే పోగూడదు. రెండోది, పొద్దెక్కినాక ఆకు కోయగూడదు, కోస్తే తెల్లారకముందు కోయాల. మూడోది, ఇది కూరాకు కాదు, నోట్లో వేసుకుని నమలగూడదు. ఎందుకవ్వా అంటే, "గాలి సోకుతాది" అనేది. అంతకంటే చెప్పేది కాదు.

మా నాయన యూనియన్ మనిషి, ఇవన్నీ మూఢనమ్మకాలని నవ్వేవాడు. నేను గూడా నాలుగు అక్షరాలు వచ్చినాక అట్లే నవ్వినాను. ఇప్పుడు పుస్తకాలు చూస్తే నవ్వు పోయింది.

మొదటి వద్దు. ప్లినీ క్రీస్తు శకం మొదటి శతాబ్దం మనిషి. ఈ ఆకును ఎన్నో జబ్బులకు మందని పొగిడినాడు. అదే నోటితో, గర్భిణీలు దీన్ని తినకుండా జాగ్రత్త పడాల, లోపలి బిడ్డ చస్తుంది అని రాసినాడు. అదే కాలపు వైద్యుడు డయాస్కోరిడిస్ గూడా అదే చెప్పినాడు. తర్వాత వచ్చిన సొరానస్ అనే వైద్యుడు గర్భం పోగొట్టే మందుల వరసలో దీన్ని చేర్చినాడు. ఇది పాత కాలపు మాట మాత్రమే కాదు. దక్షిణ అమెరికాలో ఉరుగ్వే దేశంలో విష సమాచార కేంద్రం వాళ్లు 1986 నుంచి 1999 దాకా గర్భం పోవాలని ఆకు కషాయాలు తాగినవాళ్ల కేసులు 86 లెక్క చూసినారు. వాటిలో సదాప ముఖ్యమైనది. కొందరికి మూత్రపిండాలు, కాలేయం లాంటివి ఒకేసారి దెబ్బతిన్నాయి, ప్రాణాలు గూడా పోయినాయి. గర్భం పోవడమే కాదు, తల్లి గూడా పోవచ్చునన్నమాట. నేను మొక్క ఇచ్చింది ఐదో నెల గర్భిణి ఉండే ఇంటికి.

రెండో వద్దు. ఇది నా ఒంటి మీదే రుజువైంది. మీకు పంచడానికి కొమ్మలు కత్తిరించి కవర్లలో పెట్టినాను. నడిమధ్యాహ్నం, మేడ మీద, చేతులకు ఏమీ తొడుక్కోకుండా. రెండు రోజులకు కుడి చెయ్యి మీద చారలు చారలుగా మంట, తర్వాత నీటి బొబ్బలు. పురుగు పారిందనుకుని పసుపు పెట్టినాను. తగ్గకపోతే చర్మం డాక్టరు దగ్గరికి పోయినాను. ఆయన చెయ్యి చూసి మొదట అడిగిన ప్రశ్న, "ఏ మొక్క కోసినారు?" అని. ఈ ఆకు రసంలో సొరలెన్ అనే జాతి పదార్థాలు ఉంటాయట. రసం చర్మానికి అంటి, దాని మీద ఎండ పడితే, కాలిన మాదిరి బొబ్బలొస్తాయి. ఎండ లేకపోతే రావు. నల్ల మచ్చ నెలల తరబడి ఉంటుంది. ఇప్పుడు గూడా నా చెయ్యి చూస్తే కనబడుతుంది.

రోము కాలంలో సేద్యం గురించి పుస్తకం రాసిన కొలుమెల్లా, సదాప మడిలో కలుపు తీసేవాళ్లు చేతులు కప్పుకోవాల, లేకుంటే పుండ్లవుతాయని చెప్పినాడు. అవ్వ తెల్లారకముందు కోయమనింది. ఇద్దరూ చెప్పింది ఒకటే. అవ్వకు సొరలెన్ తెలియదు, చెయ్యి కాలుతుందని తెలుసు.

మూడో వద్దు. ఈడ న్యాయంగా చెప్పాల. ఈ ఆకును తినే దేశాలు ఉన్నాయి. పాత రోములో జున్నుతో నూరి తినేవాళ్లు. ఇతియోపియాలో చిన్న రెమ్మ ఒకటి కాఫీలో ముంచి తాగుతారు, దాన్ని వాళ్లు తేనా ఆదమ్ అంటారు, ఆదాముకు ఆరోగ్యం అని అర్థం. వాసనకు ఒక రెమ్మ ముంచేది వేరు, గుప్పెడాకు మరగబెట్టి మందని గ్లాసు తాగేది వేరు. ఎక్కువైతే కడుపులో మంట, వాంతులు, కాలేయానికి, మూత్రపిండాలకు చెరుపు. ఎంతైతే ఎక్కువ అనేది తొట్టిలోని ఆకును చూసి ఎవరూ చెప్పలేరు. మొక్క మొక్కకు, కాలం కాలానికి ఘాటు మారుతుంది.

అవ్వ గూడా పొరపాటు పడిన చోటు

అవ్వ చెప్పినవన్నీ సరి అని చెప్పను. మన పక్క సదాపాకు ఎక్కువగా వాడేది పిల్లలకే. బాలపాపచిన్నె అంటాం గదా, బిడ్డకు ఫిట్సు వచ్చి కొంకర్లు పోవడం, దానికి ఈ ఆకు రసం పోస్తారు. మద్రాసు సర్కారు కొలువులో డాక్టరుగా ఉన్న ఐన్‌స్లీ దొర 1826లో అచ్చయిన తన పుస్తకంలో ఈ ఆకు గురించి రాసినాడు. ఎండిన ఆకు కాల్చి పిల్లల జలుబుకు పొగ పెట్టడం, సారాయిలో నానబెట్టి పక్షవాతానికి పైపూతగా రాయడం మన వైద్యుల అలవాటని చెప్పినాడు. అంటే ఈ వాడకం మన సీమలో కనీసం రెండువందల ఏళ్ల నాటిది.

మా తమ్ముడికి ఏడాది నిండే లోపల ఒక రాత్రి జ్వరం వచ్చి కొంకర్లు పోయినాడు. అవ్వ ఆకు నలిపి, తల్లిపాలలో కలిపి, వేలితో నాలిక మీద రాసింది. మా నాయన బిడ్డను భుజాన వేసుకుని చీకట్లో ఆస్పత్రికి పరిగెత్తినాడు. ఆడికి చేరేలోపలే కొంకర్లు నిలిచిపోయినాయి. ఆకు పని చేసిందని అవ్వ, తల్లిపాల రుచికి తేరుకున్నాడని అమ్మ, దేవుడని ఇంకొకరు. ముప్పై నలభై ఏళ్లు మా ఇంట్లో ఇదే కథ.

ఇప్పుడు డాక్టరు చెప్తే తెలిసింది. జ్వరంతో వచ్చే ఫిట్సు ఎక్కువ మందికి కొన్ని నిమిషాల్లో దానంతట అదే ఆగిపోతుంది. ఆ కొన్ని నిమిషాల్లో ఏది పెట్టినా దానికే పేరొస్తుంది. ఉల్లిపాయ వాసన చూపిస్తే ఉల్లిపాయకు, తాళాల గుత్తి చేతిలో పెడితే ఇనుముకు, సదాప పెడితే సదాపకు. కానీ కొంకర్లు పోయే బిడ్డ నోట్లో ఏది పోసినా అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మా తమ్ముడు అదృష్టవంతుడు, బతికి ఇప్పుడు తాత అయినాడు. అట్ల బతకని బిడ్డల కథ ఏ ఇంట్లోనూ ఎవరూ చెప్పుకోరు.

ఆ పొద్దు అవ్వకు వేరే దారి లేదు, ఆమె పల్లెలో డాక్టరే లేడు. మనకు ఫోను ఉంది, 108 ఉంది. అదే తేడా.

అయితే ఈ మొక్కలో మంచి లేదా?

ఉంది. 1842లో వైస్ అనే జర్మను ఫార్మసిస్టు ఈ ఆకు నుంచే ఒక పదార్థం వేరు చేసినాడు. రూటా నుంచి వచ్చింది కాబట్టి దానికి రూటిన్ అని పేరు. రక్తనాళాల బలానికని ఇప్పుడు అమ్మే కొన్ని మాత్రల్లో అది ఉంటుంది. కానీ మాత్రలకు కావలసిన రూటిన్ ఇప్పుడు వేరే మొక్కల నుంచి తీస్తారు. కాబట్టి మాత్రలో ఉందని ఆకు నమలడం తెలివి కాదు.

దీని వాసనకు ముఖ్య కారణం అన్‌డెకనోన్ అనే నూనె పదార్థం. దోమలు రాకుండా ఒంటికి రాసుకునే మందుగా దాన్ని 2007లో అమెరికా ప్రభుత్వం రిజిస్టరు చేసింది. అంటే పాముల మాట ఎట్లున్నా, పురుగుల విషయంలో మన పెద్దల అనుభవంలో నిజముంది. అందుకని ఆకు రసం నేరుగా ఒంటికి పూసుకోవద్దు, నా చెయ్యి గుర్తు పెట్టుకోండి.

మొక్క తీసుకున్న పద్నాలుగు ఇళ్లవాళ్లకు

మొక్క పీకి పారెయ్యమని చెప్పను. చూడను బాగుంటుంది, మన చరిత్ర ఉంది దాంట్లో. కానీ ఇవి పాటించండి.

ఇంట్లో గర్భిణి ఉన్నా, గర్భం కోసం చూసేవాళ్లు ఉన్నా, పాలిచ్చే తల్లి ఉన్నా, ఈ ఆకు ఏ రూపంలోనూ లోపలికి తీసుకోవద్దు.

పసిబిడ్డకు కడుపునొప్పి అని, దగ్గు అని రసం పోయవద్దు. ఆకు పొగ గూడా వద్దు, ఏ పొగ అయినా బిడ్డ ఊపిరికి చెరుపే.

బిడ్డకు ఫిట్సు వస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ముందే ఆగిపోయినా మొదటిసారి అయితే డాక్టరుకు తప్పకుండా చూపించండి.

మొక్క కత్తిరించాలంటే పొద్దు వాలినాక, చేతికి తొడుగు వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోండి. పిల్లలు ఆడుకునే చోట తొట్టి పెట్టవద్దు.

బీపీకి, రక్తం పలచబడటానికి మాత్రలు వాడేవాళ్లు, కాలేయం, మూత్రపిండాల జబ్బు ఉండేవాళ్లు దీని జోలికి పోవద్దు. ఎవరైనా ఇప్పటికే తాగి ఉంటే, డాక్టరు దగ్గర దాచవద్దు. ఆకు ఒక రెమ్మ తీసుకుపోయి చూపించండి.

పద్నాలుగు ఇళ్లలో పదకొండు ఇళ్లకు ఫోన్ చేసి చెప్పినాను. మూడు ఇళ్లు ఎవరివో నాకు గుర్తు లేదు, ఆ పొద్దు చీటీ రాసుకోలేదు. గూడ్సు ఆఫీసులో రసీదు లేకుండా ఒక్క మూట బయటికి పంపని మనిషిని, ఈడ విషం కలిసిన మందును లెక్క లేకుండా పంచినాను. ఆ మూడు ఇళ్లవాళ్లు ఇది చదివితే దయచేసి నాకు ఫోన్ చేయండి. చదవని ఇళ్లు ఉంటే, పక్కింటివాళ్లు పోయి చెప్పండి.

ఇంకొక మనవి. మీ ఇండ్లల్లో అవ్వలు, అమ్మలు ఏ ఆకు ఏ జబ్బుకు వాడినారో మనం గ్రూపులో రోజూ రాసుకుంటా ఉన్నాం. వాళ్లు దేన్ని, ఎవరికి, ఎప్పుడు వద్దన్నారో గూడా అడిగి రాయండి. మా అవ్వ చెప్పిన మందును నేను యాభై ఏళ్లు గుర్తు పెట్టుకున్నాను. ఆమె చెప్పిన వద్దులు మాత్రం ఆ ఫోన్ వచ్చే దాకా గుర్తుకు రాలేదు.